బీము రాకముందే పోగులు కోసినవాణ్ణి

ఇలా ముందుకు జరగండి. గోడకు ఆనుకుంటే సగం మాటలు గోడకే పోతాయి. చాయ్ గ్లాసు చేతిలోనే ఉండనివ్వండి కానీ గట్టిగా పట్టుకోండి. నా కన్నకూతురి మూడు నెలల కష్టాన్ని, నేను, ఈ చేతులతోనే, మూడంటే మూడు మీటలు నొక్కి మాయం చేసిన కథ ఇది. దొంగ వచ్చి చేసి ఉంటే ఠాణాకు పోయేవాళ్లం. చేసింది ఇంటి పెద్ద. ఎక్కడికని పోతాం?

మాది సిరిసిల్ల. నాది వైపని. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం, నిలువు పోగులు చుట్టిన పెద్ద కడ్డీని బీము అంటాం. సాంచె మీద పాత బీము అయిపోవస్తుంటే, కొత్త బీము పోగులను తెచ్చి పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా ముడి వేసే పని. చదువు ఐదో తరగతి గడప దగ్గరే కూలబడింది. జ్ఞాపకం మాత్రం దేవుడు కొలవకుండా పోశాడు. ఒకసారి చూసిన పని, విన్న మాట మరిచిపోను. ఆపదంతా అక్కడే ఉంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. మా బిడ్డ రజిత డిగ్రీ చదువుతూ, ఇంట్లో కంప్యూటర్ మీద చీర అంచులు గీసేది. ఊరంతా తెల్లగుడ్డే నేస్తుంటే మన సాంచెల మీద నెమళ్లు ఎందుకు ఆడకూడదని దాని పట్టుదల. కోరుట్లలో ఒక బట్టల షావుకారు, "డిజైన్లు పట్టుకరా బిడ్డా, నచ్చితే మీ దగ్గర్నే నేయిస్త" అన్నాడట. సోమవారం పోయి చూపించాలి. ఆ మాట పట్టుకుని అది తిండి కూడా కంప్యూటర్ ముందే తినేది.

ఆ కంప్యూటర్ పెట్టించినవాడు యూసుఫ్. మా పాత పక్కింటివాడే. జగిత్యాలలో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. వచ్చినప్పుడల్లా, కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపించే సరుకు గురించి చెప్పేవాడు. పాతది ఎక్స్‌పీ, నడిమిది విస్టా, రాబోయేది సెవెన్. నేను విని, తెల్లారి చాయ్ హోటల్లో ఒప్పజెప్పేవాణ్ణి. హోటల్ నర్సయ్య అడిగేవాడు:

"మామా, గా కొత్తది ఎట్లుంటదట?"

"ఇగో, ఎక్స్‌పీ అంటె మన పాత సాంచె. చప్పుడు జేస్తది గని ఆగది. విస్టా కొత్త రంగేసిన సాంచె. సూడ సక్కగుంటది, గని పోగు పోగుకు 'ఎయ్యాల్నా, వద్దా?' అని అడుగుతది."

"మరి లినక్సో ఏందో అంటివి?"

"అది ఉత్తగనే ఇస్తరు. ఆగితె మాత్రం నువ్వే పానా వట్టుకోవాలె."

"గా ఆపిల్ పండుది?"

"పట్టుమగ్గం నర్సయ్యా! దాన్ని మనింట్ల పెట్టాల్నంటె ముందుగాల ఇల్లు మార్చాలె."

"అయితె సెవెనూ?"

"ఎక్స్‌పీ బలం, విస్టా సోకు, రెండూ ఒక్కతాన. రానియ్యి, సూస్తవ్."

"అంత తెలిసినోనివి, తెలంగాణ ఎప్పుడొస్తదో గూడ జెప్పరాదే!"

"గది యూసుఫ్ జెప్పలే."

మీకు మాత్రమే చెబుతున్నా: వీటిలో ఒక్కదాన్నీ నేను నడిపి ఎరగను. కంప్యూటర్లో నాకు వచ్చింది పేకాట. అదీ ఓడిపోవడం.

ఒకనాడు యూసుఫ్ ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త డిస్కు అచ్చింది. రేపు పొద్దుగాల్ల తెస్త. పాతది మొత్తం తీసేసి ఎక్కిస్తెనే మంచిగ నడుస్తది. నేనచ్చినంక జేద్దాం."

చివరి మాట కూడా గుర్తుంది. పట్టించుకోలేదు, అంతే. రజిత రెండు రోజుల కోసం బోయినపల్లిలో మేనత్త ఇంటికి పోయింది. పాత డిస్కు అలమారాలో ఉంది. వెనుకటికి యూసుఫ్ దాన్ని పెట్టి పాతది ఎలా తుడిచాడో, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాడో నా కళ్లలో అలాగే ఉంది. తెర మీద ఇంగ్లీషులో ఏదో బతిమాలుతున్నట్టు రాసి వచ్చింది. చదవడం రాదు కదా, జాలి కలగలేదు. గడపలో బీడీలు చుడుతున్న మా ఇంటామె తల ఎత్తింది.

"ఏం జేస్తున్నవయ్యా?"

"యూసుఫ్‌కు పని తప్పిస్తున్న."

"బిడ్డను అడిగినవా?"

"అడిగేదేంది? డిజైన్లు తెర మీది పచ్చ కవర్లల్ల మడతవెట్టి ఉన్నయి, నా కండ్లార సూసిన. సాంచె మారిస్తె బీరువల గుడ్డ ఏడికి పోతది?"

మూడు మీటలు నొక్కాను. పెళ్లికి ఇల్లు అలికినంత తృప్తిగా ఆ పూట అన్నం తిన్నాను.

తెల్లారితే బంద్. యూసుఫ్ రాలేదు. సాయంత్రం రజితను దాని మామ బండి మీద దింపిపోయాడు. సంచి భుజాన ఉండగానే కంప్యూటర్ ఆన్ చేసింది. నల్లటి తెర. మూలకు ఒక తెల్లటి గీత మిణుకుమంటోంది.

"బాపూ, నా నెమళ్లు?"

నేను చేసింది చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. సంచి తీయకుండా అలాగే తెర ముందు కూర్చుంది. యూసుఫ్‌కు ఫోన్ కలిపాను. మీటల వరుస తప్పు లేకుండా చెప్పాను. ఆపై అడిగాను:

"తమ్మీ, పాత డిస్కే మళ్ల ఎక్కియ్యాల్నా?"

"అన్నా, నీకు దండం! దాన్ని ముట్టకు. వైరు గూడ పెట్టకు!"

బంద్ మీద బంద్. పగలు చౌరస్తాలో అందరితో కలిసి జై కొట్టి వచ్చి, ఇంట్లో మాత్రం ఒక్క బస్సు నడవాలని మొక్కేవాణ్ణి. సోమవారం కూడా దాటిపోయింది. షావుకారు, "ఈడ దుకాణం గూడ బందే బిడ్డా, తొవ్వ తెరిసినంకనే రా" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఇల్లు నిలబడింది.

మా ఇంటామె బీడీకి దారం చుడుతూ, నా వైపు చూడకుండానే అడిగింది. "ఇన్నేండ్లు వైపని చేసినవ్. కొత్త బీము రాకముందే పాత పోగులు కోసినవా ఎన్నడన్న?"

"లే."

"కోస్తె ఏమైతది?"

"ముడెయ్య కొస దొరకది."

నా చేతులు అన్నేళ్లుగా చేస్తున్న పని నా బుర్రకు తెలియలేదే అని ఆ రోజు చాలాసేపు నా వేళ్లనే చూసుకుంటూ కూర్చున్నాను.

బస్సు నడిచిన రోజున, కంప్యూటర్ డబ్బాను దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, బిడ్డతో జగిత్యాల పోయాను. "పసిపిల్లకు గాలి తాకనియ్యి తాతా" అన్నాడు కండక్టరు. యూసుఫ్, తుడిచినా రాత అడుగున మిగిలే ఉంటుందంటూ, డబ్బాలో రాతంతా దాచుకునే లోపలి పెట్టెను తీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. గంటలు గడిచాయి. రజిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ముందు ఒక పచ్చ కవరు, దాని వెనుక ఇంకొకటి. ఆఖరికి నెమలి, తోకతో సహా దిగింది.

"అన్నా, బంద్‌కు దండం వెట్టుకో" అన్నాడు యూసుఫ్. "నేను ఆ పొద్దే అచ్చి ఉంటె, సాఫ్ ఉన్నదని కొత్తది ఎక్కిచ్చేటోన్ని. బిడ్డ అచ్చేసరికి దాని రాత మీద కొత్త రాత పడేది. ఇగ దొరకకపోవు."

కోరుట్ల షావుకారు నెమలి అంచే ఏరుకున్నాడు. ఆ బీముకు వైపని నేనే చేశాను. తర్వాత కొత్త సరుకు ఎక్కించే రోజు కూడా వచ్చింది. డిజైన్లన్నీ వేరే డిస్కులోకి తీసి పెట్టాక యూసుఫ్, "అన్నా, మీట నువ్వే నొక్కు" అన్నాడు. వెంటనే రజిత నా రెండు చేతులూ ఒడిసి పట్టుకుంది.

"ఇగ కానియ్యి భాయ్. బాపు చేతులు నా తాన భద్రంగున్నయి."

ఆనాడే సాంచె మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాను. కొత్తది ఎంత గొప్పదైనా సరే, అది వచ్చి నా ఇంట్లో నాలుగు రోజులు నడిచేదాకా పాతదాని కొస వదలను. మొన్న కొత్త చెప్పులు కొన్నాక కూడా పాతవి వారం రోజులు సంచిలో మోశాను, నవ్వితే నవ్వండి.

చల్లగా ఉండండి. మీ ఇంట పోగు తెగకుండా ఉండాలి. తెగిన నాడు ముడి వేసే చెయ్యి ఒకటి ఇంట్లోనే ఉండాలి, తొందరపడే చేతులను పట్టుకోవడానికి ఒక బిడ్డ ఉండాలి.