మా అత్త వయసు నూట ఎనిమిది కాదు

మా అత్త పోయింది. కరోనా జ్వరంతో, ఊపిరి అందక పోయింది. సూరత్‌లోని గోడాదరాలో మా గల్లీ మలుపున కట్టిన ఫ్లెక్సీ మాత్రం ఆమె నూట ఎనిమిదేళ్ల నిండు వయసులో హాయిగా కన్నుమూసిందని చెబుతోంది. అది కట్టినవాడు ఆయుష్షు పెంచే పొడి అమ్ముతాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

మా అత్త మంచిదని అనను. ఇన్నేళ్లలో నా కూర బాగుందని ఒక్కసారి అనలేదు. కానీ తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన కొత్తలో, మా ఆయన బట్ట నేసే సాంచాల మీద రాత్రీ పగలూ నిలబడుతుంటే, నాకు ఈ ఊళ్లో బతకడం నేర్పింది ఆమే. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చి, నా ముందు కత్తెర పడేసి, "ఏడుసుడు అయినంక ఇది పట్టు" అంది. ఏడుపు అక్కడితో ఆగింది. చూపు తగ్గాక కూడా చీరను వేళ్లతో తడిమి దారం పట్టేది. నేను వదిలేసిన దారం దొరికిన రోజు ఆమెకు పండగ.

ఇక ఆ నూట ఎనిమిది సంగతి. మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక పొడివాడు మా ఇంటికి వచ్చాడు. మా తెలుగోళ్ల పిల్లాడే, సూరత్‌లో పుట్టి పెరిగినవాడు. విదేశాల్లో సైంటిస్టులు ముసలితనాన్ని ఆపే పనిలో ఉన్నారని, తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతున్నాయని, తన పొడి కూడా అదే పని చేస్తుందని ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. సాంచాలు ఆగిపోయి గల్లీ అంతా గంజి తాగిన నెలలు అప్పుడే గడిచాయి. తిండి తగ్గితే ఆయుష్షు పెరిగేదైతే మా గల్లీలో చావే ఉండకూడదు. అది వాడికి తట్టలేదు.

"నాయనమ్మా, నీ ఉమర్ ఎంత?" అని అడిగాడు.

మావాళ్లలో ఆ కాలపు ఆడవాళ్లకు పుట్టిన తేదీ ఎక్కడిది? నదికి పన్నెండేళ్లకోసారి పుష్కరం వస్తుంది. దాంతోనే లెక్క చెబుతారు. "తొమ్మిది పుష్కరాలు మునిగిన, కొడుకా" అంది మా అత్త. వాడు తొమ్మిదిని పన్నెండుతో హెచ్చవేసి, ఆమె కాళ్లు మొక్కి, ఫొటో తీసుకున్నాడు. ఏం తిని ఇన్నేళ్లు బతికావని కూడా అడిగాడు. ఆమె నన్ను చూపించి, "దీని వంట తిని సుత బతికిన. గంతకంటె గట్టి పెయ్యి ఉంటదా?" అంది.

ఆ తొమ్మిదిలో ఆరు గోదావరివి, మూడు కృష్ణవి. గోదావరి పుష్కరం అయిన మరుసటి ఏడే కృష్ణకు వస్తుంది. ఆ మునకలకు కూడా వాడు పన్నెండేసి ఏళ్లు కట్టాడు. మొదటిసారి గోదావరిలో మునిగినప్పుడు ఆమె పదిహేనేళ్ల కొత్త కోడలు. పొడివాడు వచ్చేనాటికి ఎనభై దాటి ఉంటాయి, అంతే. వాడు వెళ్లాక ఆ మాట అంటే, "ఉండనీ తియ్యి. పెద్దదాన్నని నువ్వన్న జర నోరు తగ్గిస్తవు" అంది.

తర్వాత టీకా వచ్చింది. నూటెనిమిదేండ్ల పెయ్యికి సూదెందుకన్నాడు పొడివాడు. నేను ఏం చెప్పినా వినని మనిషి, వాడు వద్దనగానే ఆగిపోయింది. ఆ వేసవిలోనే పోయింది.

ఇప్పుడు నా కొడుకు. పాండేసరలో రంగుల మిల్లులో పని. నలభై దాటాయి, బీపీ ఉంది. పొడి తాగి మిల్లుకు పోతున్నాడు. సూది వేయించుకోరా అంటే, "నాయనమ్మ సూది లేకుండనే నూటెనిమిది చూసింది. జ్వరం ఒక సాకమ్మా, వయసైపోయి పోయింది. నాది ఆమె నెత్తురే" అంటాడు.

నేను పొడివాడి దుకాణానికి వెళ్లాను.

"ఏందిరా, కిష్ణల మునిగితే మా అత్త మళ్ల పుట్టిందా?"

"పెద్దమ్మా, లెక్క ఆమెనే చెప్పింది. నా తాన వీడియో ఉంది."

"గోదారికి ఒక బస్సు, కిష్ణకు ఒక బస్సు ఎక్కింది. రెండు బస్సులెక్కితే రెండు బతుకులు బతికినట్టా?"

పొడి కొనడానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వారు. వాడు గొంతు తగ్గించాడు. "ధందా ఖరాబ్ చేయకు పెద్దమ్మా. పోయినామెకు ఇజ్జతే కదా."

"ఇజ్జతయితే సక్కగ రాయి. ఎనభై ఏండ్లకు కరోనాతోని పోయిందని రాయి. కింద నీ పొడి డబ్బా బొమ్మ పెట్టు."

వాడు ఫ్లెక్సీ తీయలేదు. తీయడని తెలుసు. నిజంగా ముసలితనం గురించి చదివినవాడైతే ముందు ఆమె వయసు సరిగ్గా అడిగి తెలుసుకునేవాడు. వీడు ఒక మునక కూడా విడదీసి అడగలేదు.

ఇంటికొచ్చి అన్నం తింటున్న కొడుకుకు అదంతా చెప్పాను. చెయ్యి కంచంలోనే ఆగింది.

"మూడు కిష్ణవా?"

"మూడు."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నన్ను అడిగితివా? పొడివాని మాట ఇంటివి. మీ నాయనమ్మ ముసలితనంతోని పోలే బిడ్డా. జ్వరంతోని పోయింది. నీకేం పుష్కరాలున్నయని నువ్వు కూసున్నవు?"

వాడు అన్నం ముగించి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు షిఫ్టు దిగి నేరుగా టీకా వేసే బడికి వచ్చాడు. నేను అప్పటికే లైన్లో చోటు పట్టి ఉన్నాను. వాడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మిల్లులో అంటిన నీలం రంగు భుజం దాకా ఉంది. నర్సు తడి దూదితో తుడిచింది. దూది నీలమైంది. ఇంకొకటి తీసి తుడిచింది, అదీ నీలమైంది. మూడో దూదికి వాడి అసలు ఒళ్లు కనిపించింది, బొట్టుబిళ్లంత.