వయోలాల వరుసలో వ్లాస్తా

చెక్ దేశంలోని క్రొమెర్జీజ్ పట్టణపు చిన్న వాద్యబృందం ఏటా సెప్టెంబరులో కచేరీలు మొదలుపెడుతుంది. ఆ ఏడాది తొలి కచేరీకి వియన్నా నుంచి పియానో విద్వాంసుడు ఒతకర్ వస్తున్నాడంటే అందరూ సంబరపడ్డారు. వ్లాస్తా ఒక్కతే తన వయోలా తీగలు సరిచూసుకుంటూ కూర్చుంది. పెళ్లికి ముందు నుంచీ ఆమె అక్కడ వయోలా వాయిస్తోంది. వయోలా అంటే వయొలిన్‌కు పెద్దక్క, గొంతు కాస్త బొంగురు.

చిన్నప్పుడు ఒతకర్ వాళ్లది వ్లాస్తా వాళ్ల పైవాటా. వాళ్లింట్లో పియానో లేదు. బడి వదలగానే మెట్లు దూకుతూ వచ్చి వ్లాస్తా పియానో ముందు కూర్చునేవాడు.

"ముందు సూపు తాగు, తర్వాత మోగిద్దువుగాని" అనేది వ్లాస్తా అమ్మ.

వాడు వాయిస్తుంటే వ్లాస్తాకు లేపబుద్ధయ్యేది కాదు. ఒకరోజు సంగీతం టీచరునడిగి వయోలా తెచ్చుకుంది. పియానో మానేసిందని అమ్మ చాలాకాలం ముఖం మాడ్చుకుంది. పిల్లలిద్దరూ మాత్రం పక్కింటివాళ్లు గోడ కొట్టేదాకా కలిసి వాయించేవారు. తర్వాత వాడు పైచదువులకు వెళ్లిపోయాడు. ఉత్తరాలు పలచబడి, ఆగిపోయాయి.

రిహార్సల్‌కు వచ్చిన నెరిసిన జుట్టు పెద్దమనిషి అందరితో చేతులు కలిపాడు. వ్లాస్తాతోనూ కలిపాడు, గుర్తుపట్టలేదు. ఆమె మనసు చివుక్కుమంది.

మెల్లగా సాగే రెండో భాగంలో పియానో వదిలిన పాటను వయోలాలు అందుకోవాలి. అక్కడ ఒక వయోలా రెప్పపాటు ఆగి అందుకోగానే ఒతకర్ చటుక్కున పియానో మీంచి చేతులు తీసేశాడు.

"ఎవరక్కడ ఆగింది?"

"సరిచేస్తామండీ" అన్నాడు బృందాన్ని నడిపించే కండక్టరు గాభరాగా.

"వద్దు. అలా ఊపిరి తీసుకుని అందుకునే మనిషి నాకొక్కతే తెలుసు." లేచి వయోలాల వైపు చూశాడు. "వ్లాస్తా! ఆ అలవాటు ఇంకా పోలేదుటే నీకు?"

"నీ తొందర పోయిందేమిట్రా?"

హాలంతా గొల్లుమంది.

కచేరీనాడు ఆ చోట ఒతకర్ ఆగాడు. ఆమె ఊపిరి తీసుకున్నాకే ఇద్దరూ కదిలారు.

చప్పట్లు అణిగాక తెర వెనక మెల్లగా అడిగాడు. "పియానో మానేసింది నా కోసమేనా?"

"కొంత నీ కోసమే. కానీ వయోలా పట్టుకున్నాక ఇంకోటి కావాలనిపించలేదురా. అమ్మ మాత్రం పోయేదాకా నమ్మలేదు."

మర్నాడతను పొద్దుటి రైలు వదిలేశాడు. ఇద్దరూ శ్మశానంలో వ్లాస్తా అమ్మ సమాధి దగ్గరికి వెళ్లారు. ఒతకర్ కొవ్వొత్తి వెలిగించి "పిన్నీ..." అంటూ సమాధి ముందు మోకరిల్లాడు. వ్లాస్తా అతని చెయ్యి పట్టుకుంది. గాలికి ఆరిపోతున్న మంటకు అరచేతులు అడ్డుపెట్టి, ఇద్దరూ సాయంత్రం రైలు వేళదాకా అక్కడే కూర్చున్నారు.