కానుగ చెట్లకు జ్వరం చూసిన రోజు

యాప్రాల్ దాటాక మా కాలనీ ఇంకా సగం రాళ్లూ సగం పునాదులుగా ఉన్న ఆ తొంభైల్లో, ఎండాకాలం మధ్యాహ్నం మా రేకుల ఇంట్లో గడపడమంటే పెనం మీద కూర్చోవడమే. ఆ బాధ తెలియనివ్వకుండా దేవుడు నాకు పార్కు జాగాలో ఆరు కానుగ చెట్లిచ్చాడు. నేను బడికి పోలేదు. జీడిమెట్లలో డ్యూటీ దిగి వచ్చిన నాయినే నాకు పంతులు, ఆ నీడే తరగతి గది. "చెట్టు వేళ్లతోని నీళ్లు తాగి ఆకులకెళ్లి ఆవిరి ఇడుస్తది బిడ్డా, గందుకే కింద సల్లగుంటది" అని ఆయన చెప్పిన పాఠం నా మనసులో మంత్రంలా ఉండిపోయింది.

నాకు పదిహేనేళ్లు వచ్చిన ఏడు (లోకమంతా తెలిసిపోయిందనుకునే ఏడు) కాలనీ పెద్దలు ఆ చెట్లు కొట్టేసి జాగా మొత్తం భజన మందిరం కట్టాలన్నారు. ముందుండి నడిపింది ఎదురింటి పెద్దనాయిన. ఆయనది సిమెంటు దుకాణం కాబట్టి చాటుగా స్లాబు పెద్దనాయిన అనేవాళ్లం. నాకు భజనంటే ప్రాణం, చెట్లన్నా ప్రాణం. చెట్ల పక్షాన మాట్లాడితే దేవుడికే అడ్డుపడినట్టు కాదూ! మూడు రోజులు మథనపడి, చివరికి ఆ దేవుడికే చెప్పుకుని ("స్వామీ, కోపం చేసుకోకు"), అమ్మ జ్వరం చూసే థర్మామీటరు ఓణీలో దాచుకుని మీటింగుకు పోయాను.

మే నెల, ఆదివారం, పొద్దున పదిన్నర. నాయినకు ఆ రోజు డ్యూటీ. పెద్దలంతా జాగా నడుమ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను లేచి, "ఎండల ఎంతున్నదో, నీడల ఎంతున్నదో సూపిస్త పెద్దనాయినా" అన్నాను. ముందు ఎండలో ఉన్న బండ మీద పెట్టాను. పాదరసం గీతల చివరిదాకా పాకింది. తర్వాత గర్వంగా కానుగ కింద పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డా పాదరసం దిగదు. విదిలిస్తే గానీ దిగదని నాకేం తెలుసు? అమ్మ ప్రతిసారీ విదిలించడం చూశాను గానీ, కడిగిన నీళ్లు దులుపుతోందనుకున్నాను.

పెద్దనాయిన దాన్ని అందుకుని చూశాడు. "ఏంది బిడ్డా, చెట్టుకు గూడ జరమొచ్చిందా? గీడ గూడ గంతే ఉన్నది!" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చెట్లు పోయినట్టే, అదీ నా చేతుల మీదుగానే.

అప్పుడు పెద్దనాయిన వాళ్లమ్మ, మా అందరికీ అవ్వ, కర్ర నేలకు తాటించింది.

"కుర్చీలు ఏడ ఏసిన్రు కొడుకా?"

"గా నడుమ ఏసినమే."

"మరి ఇప్పుడేడ కూసున్నరు?"

అందరూ తమ కాళ్ల కిందికి చూసుకున్నారు. ఎండ ముదిరినకొద్దీ ఎవరూ ఎవరికీ చెప్పకుండానే కుర్చీలు ఒక్కొక్కటే జరిగి జరిగి కానుగల కిందికి చేరిపోయాయి. ఎండలో మీటింగు బల్ల ఒక్కటే మిగిలింది.

"ఇవి కొట్టినంక ఇగ ఏడికి జరుగుతర్రా? మందిరం గా మూలకు కట్టుండ్రి. దేవునికి గూడ ఇంత సల్లగాలి రానియ్యుండ్రి" అంది అవ్వ.

"నీతోని ఎవలు గెలుస్తరే అమ్మా" అని పెద్దనాయిన తల గోక్కున్నాడు. అన్నమాట మీద నిలబడి, మూలకే కట్టించాడు, చల్లగా ఉండాలి ఆయన.

ఇప్పుడు చుట్టూ అంతస్తులే. పొద్దుగూకినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. హారతి కాగానే ఆడవాళ్లమంతా ఆ చెట్ల కిందికే వస్తాం. అక్కడ అడుగుపెట్టగానే ఒళ్లు చల్లబడుతుంది, చేతులు వాటంతటవే దండం పెడతాయి. అప్పట్లో దేవుడికి అడ్డుపడ్డానన్న భయంతో, ఎవరికీ చెప్పకుండా పదకొండు రోజులు ఉప్పు లేని అన్నం తిన్నాను. ఆ పదిహేనేళ్ల పిల్ల ఎప్పుడైనా ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని, "ఉప్పేసుకుని తిను తల్లీ, స్వామికి కోపం రాలేదు" అని చెప్పాలనిపిస్తుంది.