పీక్యూఆర్ త్రిభుజం

గణిత బోధన మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. పదో తరగతిలో సిద్ధాంతాలన్నీ బట్టీ పట్టి గట్టెక్కినదాన్ని కాబట్టి, పిల్లలకు నిరూపణ అసలు ఎంత అర్థమవుతోందో తెలుసుకోవాలని నా తాపత్రయం. ఆ పని మీదే ఈ రోజు బద్వేలు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూలుకు వెళ్లాను.

లెక్కల సారు పిలవగానే పదో తరగతిలో బాగా చదివే అమ్మాయి లేచి వచ్చింది. బోర్డు మీద ఏబీసీ త్రిభుజం గీసి, ఒక సిద్ధాంతానికి నిరూపణ మొత్తం ఒక్క తప్పు లేకుండా రాసేసింది. నాకు ముచ్చటేసింది. బొమ్మ మాత్రం ఉంచి మిగతాదంతా తుడిచాను. ఏబీసీల చోట పీక్యూఆర్ రాసి, "ఇప్పుడు ఇదే మళ్లీ రాయమ్మా" అన్నాను.

సుద్దముక్క పట్టుకునే వెనక్కి తిరిగింది. తర్వాత నా దగ్గరికొచ్చి, సారుకు వినపడకుండా అడిగింది.

"మళ్లీ ఏబీసీనే పెట్టండి మేడం. దీన్ని చూస్తాంటే నాకు వచ్చింది గూడా మర్చిపోయేట్టుండాది."

"భయమెందుకు? బొమ్మ అదే కదా!"

"పరీక్ష పోతే మా నాయన ఇంగ చదివియ్యడు మేడం. మా అక్కను అట్లనే పత్తి చేన్లోకి తోలినాడు."

నా పరిశోధన శీర్షిక మొదలయ్యేదే 'అవగాహన' అనే మాటతో. డస్టర్ తీసుకుని పీక్యూఆర్ తుడిచేసి ఏబీసీ రాశాను. ఆ పిల్ల నిరూపణ మొత్తం మళ్లీ గడగడా రాసేసింది, ఒక్క తప్పు లేకుండా.

మీరైతే ఏం చేసేవాళ్లో చెప్పండి. ఊరికే అడగడం లేదు. సోమవారం మళ్లీ అదే క్లాసుకు వెళ్లాలి.