నడీన్ గుర్రాలకి తొమ్మిదేళ్ళే

తెల్లవారుజామున నాలుగున్నరకి నడీన్ ఆస్ట్రాండర్ పన్నెండు బకెట్లలో గడ్డి బిళ్ళలు వేసి, వేడినీళ్ళు పోసి, జావలా అయ్యేదాకా కర్రతో కలుపుతుంది. పన్నెండు బకెట్లు, పన్నెండు గుర్రాలు. వాటిలో దేని వయసు అడిగినా ఆమె చెప్పే జవాబు ఒకటే: "తొమ్మిదేళ్ళు."

మా వయోమింగ్ రాష్ట్రంలో గుర్రాల గురించి అబద్ధమాడని మనిషిని నేను చూడలేదు. గుర్రం పరుగు గురించి ఆడతారు, బుద్ధి గురించి ఆడతారు, తమని కింద పడేసినప్పుడు అది ఎంత ఎత్తు లేచిందో మరీ ఆడతారు. కానీ వాళ్ళు మార్చి మార్చి ఆడతారు. నడీన్ ఒకే అబద్ధాన్ని పధ్నాలుగేళ్ళుగా, ఒక్క నెల కూడా అటూ ఇటూ కాకుండా ఆడుతోంది.

ఆ పధ్నాలుగేళ్ళూ ప్రతి జూన్‌లో మా వారపత్రిక నన్ను ఆమె గుర్రాల రాంచ్‌కి పంపుతూనే ఉంది. ఆడవాళ్ళకి ఆరు రోజుల శిబిరం: పొద్దున యోగా, మధ్యాహ్నం గుర్రపుస్వారీ. నేను రాసే అరపేజీలో 'తొమ్మిదేళ్ళ పికిల్స్' అన్న మాట ఏడేళ్ళుగా ఏటా పడుతోంది. ఆరో ఏడు ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: "ఆ గుర్రం ఏం తింటోందో దయచేసి ప్రచురించండి. మా ఇంట్లో ఇద్దరికి కావాలి."

పికిల్స్ సంగతి నాకు విడిగా తెలుసు. ఎర్ర గుర్రం, ఎడమ చెవికి గాటు.

"నడీన్, నేను హైస్కూల్లో ఉండగా నన్ను కంచె అవతల పడేసింది ఈ గుర్రమే," అన్నాను ఒకసారి.

"వాళ్ళమ్మ అయ్యుంటుంది."

"నన్ను పడేసింది మగ గుర్రం."

"అయితే వాళ్ళ నాన్న."

"చెవికి ఇదే గాటు!"

"వంశంలోనే ఉంది," అని నడీన్ జీను బిగించేసింది.

మనుషుల వయసు మీద కూడా ఆమెకి ఆసక్తి లేదు. శిబిరంలో చేరే కాగితంలో పేరు, బరువు, టోపీ కొలత ఉంటాయి. వయసు గడి ఉండదు. ఈ ఏడు ఒమాహా నుంచి లూయిస్ ప్రూయిట్ అనే ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లూయిస్‌కి డెబ్భై నాలుగు. ఆరేళ్ళ వయసు నుంచీ గుర్రం ఎక్కాలని కోరిక, ఇంతవరకూ ఎక్కలేదు. అప్పటికే మూడు రాంచ్‌లవాళ్ళు డెబ్భై దాటినవాళ్ళని ఎక్కించుకోం అని చెప్పేశారు. నడీన్‌ది నాలుగోది. ఐదోది లేదు.

"నా వయసు ముందే చెప్పేస్తానండీ..."

"నేనడిగానా తల్లీ? బరువు చెప్పు."

అలా లూయిస్ వచ్చింది. ఆమెని, ఇంకో తొమ్మిదిమందిని వ్యాన్‌లో వేసుకొచ్చింది డాక్టర్ గ్రెచెన్ వోల్మర్, వాళ్ళ నడక క్లబ్బుకి నాయకురాలు. పళ్ళ డాక్టరు. ఎవరైనా నవ్వితే ఆవిడకి సంతోషం కన్నా ముందు పుచ్చు కనిపిస్తుంది. తొలిరోజు రాత్రి భోజనాల దగ్గర నేను నవ్వాను. రెండు పళ్ళు కట్టించుకోమని సలహా దొరికింది.

శిబిరంలో గురువారమే పెద్ద రోజు. గుర్రాల మీద మూడు మైళ్ళు ఎక్కి పైమైదానానికి వెళ్ళి, అక్కడ తిని రావాలి. పికిల్స్‌ని తనకి ఇచ్చారని తెలిసిన సోమవారం నుంచీ లూయిస్ టోపీ తీయలేదు. యోగాలో తల్లకిందులుగా వంగినప్పుడు కూడా ఒక చేత్తో పట్టుకునే ఉంది.

ముప్పు బుధవారం పొద్దున వచ్చింది. యోగా నేర్పే మారిసోల్ ఆ రోజు కంచె పక్కనే చాపలు పరిపించింది. సింహంలా నోరు బార్లా తెరిచి, నాలుక బయటపెట్టి గర్జించే ఆసనం. అందరూ గుర్రాల వైపు తిరిగి గర్జించారు. గుర్రాలు బెదరలేదు. పికిల్స్ మాత్రం వాళ్ళ నోళ్ళలోకి ఓపిగ్గా చూసి, తనూ బార్లా ఆవలించింది. గ్రెచెన్ ముఖానికి రెండడుగుల దూరంలో.

"ఆగండి!" అంది గ్రెచెన్.

"గ్రెచెన్ గారూ, శ్వాస నెమ్మదిగా వదలండి," అంది మారిసోల్.

"శ్వాస తరవాత. ఈ గుర్రానికి దవడ పళ్ళేవీ?"

నడీన్ కళ్ళెం భుజాన వేసుకుని వచ్చింది. "ఇంకా రావాలి తల్లీ."

"తొమ్మిదేళ్ళకా?"

"ఆలస్యంగా ఎదిగే రకం."

"మా తాత గుర్రాల వ్యాపారి. నాకే చెప్తున్నారా!" అని గ్రెచెన్ పికిల్స్ పెదవి ఎత్తింది. "ముందు పళ్ళు ఎంత సాగాయో, ఎలా వాలాయో చూడండి. దీనికి ఇరవై ఏడు ఉంటాయి!"

ఇక ఆవిడని ఆపేవాళ్ళు లేరు. సెల్‌ఫోన్ దీపం పట్టుకుని పన్నెండు నోళ్ళూ చూసింది. గుర్రాలు క్లినిక్‌కి వచ్చినట్టే బుద్ధిగా తెరిచాయి. మారిసోల్ క్లాసు కట్టేసి లెక్క రాసింది.

"అన్నీ కలిపి రెండువందల తొంభై ఏడేళ్ళు!" అని ప్రకటించింది గ్రెచెన్.

"కలిపితే ఎవరివైనా ఎక్కువే అవుతాయి తల్లీ," అంది నడీన్.

గ్రెచెన్ నవ్వలేదు. "మీ మాట నమ్మి పదిమందిని తీసుకొచ్చాను. లూయిస్‌ని ఈ ముసలిదాని మీద కొండ ఎక్కించను. రేపు పొద్దున్నే వ్యాన్ ఎక్కేస్తున్నాం."

"నన్నడగవా?" అంది లూయిస్.

"అడగను. పడితే మోసేది నేను."

లూయిస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మధ్యాహ్నం పశువుల డాక్టరు హకబీ వచ్చాడు. ప్రతి బుధవారం వస్తాడు. గిన్నెలో చిక్కుడుగింజల చిల్లీ పులుసు వడ్డించుకుంటుండగానే అందరూ ఆయన మీద పడ్డారు. ఆయన విని, నడీన్ వైపు తిరిగాడు.

"మళ్ళీ తొమ్మిదేనా?"

"తొమ్మిదే."

"ఎక్కడివో చెప్పావా?"

"చిల్లీ చల్లారిపోతుంది, తిను."

ఆయన తింటూనే చెప్పాడు. సెప్టెంబరు వేలంలో ఇరవై దాటిన గుర్రాలని స్వారీకని ఎవరూ పాడరు. తూకం లెక్కన మాంసానికి కొనేవాళ్ళు పాడతారు, అదే సాయంత్రం లారీ సరిహద్దు దాటి కబేళాకి పోతుంది. ఈ పన్నెండూ ఆ లారీ ఎక్కవలసినవే. నడీన్ ఏటా వెళ్ళి చెయ్యెత్తి, ఒకటో రెండో ఇంటికి తెచ్చుకుంటుంది.

"మరి నిజం చెప్పొచ్చుగా! మెచ్చుకునేవాళ్ళం కదా," అంది గ్రెచెన్.

"అదే వద్దు," అంది నడీన్. "ఇరవై ఏడని చెప్తే మీరంతా మెడ నిమిరి, క్యారెట్ పెట్టి, వేరే గుర్రం అడుగుతారు. ఎవరూ ఎక్కని గుర్రం పోయి మూల నించుంటుంది. మూల నించున్నది చలికాలం దాటదు. పనుందంటే పొద్దున్నే గేటు దగ్గరికి వస్తుంది. దాని వయసు దానికి తెలీదమ్మా, మనమే గుర్తు చేస్తాం."

గ్రెచెన్ కిటికీలోంచి బకెట్ల వైపు చూసింది. "ఆ జావ అందుకా?"

"నమల్లేవుగా."

"పికిల్స్‌కి మిగిలిన ఒక్క దవడ పన్నూ బుగ్గని కోస్తోంది. చూసుకున్నారా?"

"మార్చిలో ఆకురాయి పట్టాను," అన్నాడు హకబీ. "ఇవాళ మళ్ళీ పడతాను."

"కొండ ఎక్కగలదా? నాకు మీరు చెప్పండి, ఆవిడ కాదు."

"గుండె బావుంది, కాళ్ళు బావున్నాయి. నడక మాత్రమే, పరుగు వద్దు. ఎక్కే మనిషి నూటపది పౌండ్లు మించకూడదు."

"నూట ఎనిమిది!" అని అరిచింది లూయిస్. "బూట్లతో!"

గ్రెచెన్ ఆమెని కిందికీ పైకీ చూసింది. ఒప్పుకున్నట్టు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. "టోపీ తాడు గట్టిగా కట్టుకో," అంది.

"గేటు దగ్గరికి నేను ఎన్నింటికి రావాలి?" అని నడీన్‌ని అడిగింది లూయిస్.

గురువారం నడీన్ గుర్రం ఎక్కలేదు. పికిల్స్ తాడు పట్టుకుని మూడు మైళ్ళూ నడిచింది. మరో పక్క గ్రెచెన్ నడిచింది, ఒక చెయ్యి లూయిస్ మోకాలి మీద పెట్టి. పికిల్స్ దారిలో కనపడ్డ ప్రతి పచ్చగడ్డి దగ్గరా ఆగి చప్పరించింది, మింగలేక ఉమ్మేసింది, మళ్ళీ నడిచింది. పైమైదానంలో అందరూ దిగారు. లూయిస్ దిగలేదు.

"తినడానికి దిగవా?" అంది గ్రెచెన్.

"దిగితే మళ్ళీ ఎక్కనిస్తావని నమ్మకమేంటి? ఇటివ్వు." శాండ్‌విచ్ జీను మీదే తిన్నది, జాకెట్ నిండా పొడి రాల్చుకుంటూ.

సెప్టెంబరులో వేలం వార్త రాయడానికి వెళితే ముందు వరుసలో ముగ్గురున్నారు. గ్రెచెన్ చేతిలో ఈసారి పెద్ద టార్చి ఉంది. మొదట ఇరవై నాలుగేళ్ళ బూడిదరంగు ఆడగుర్రం వచ్చింది. గ్రెచెన్ చెయ్యెత్తింది, లూయిస్ కూడా ఎత్తింది, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పాడుకుంటూ ధర రెట్టింపు చేశారు. నడీన్ లేచి, "మీరిద్దరూ ఒకే బండిలో వచ్చారే!" అని నెత్తి కొట్టుకుంది. మాంసం బేరగాడు రెండుసార్లు టోపీ సర్దుకుని, కాఫీకని లేచి వెళ్ళిపోయాడు.

నడీన్ ట్రెయిలర్‌లో రెండు గుర్రాలకే చోటుంది. సాయంత్రానికి కొన్నవి ఐదు.