సీసాలో చిటికెడు పసుపు

మా కోడలు సుజాతకు పొద్దుగూకితే కళ్లు కనబడవు. బీడీల చాట ముందు కూర్చుని ఆకు కోసం తడుముతుంటే నాకు తెలిసింది. నాలుగు నెలల పాపకూ అదే వస్తుందేమోనని మా భయం. తల్లి రక్తంలో, పాలలో కంటికి కావలసిన విటమిన్-ఏ ఎంతుందో కొలిచే డాక్టర్లు ఆర్మూర్ వచ్చారని, ఆ రోజే ఆఖరని ఆశా కార్యకర్త చెప్పింది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. నేనే తీసుకుపోయాను.

మా ఊరు సిరికొండలో ఏడుంబావుకు బస్సెక్కి, ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు తీసుకున్నాం. పసుపు మూటతో పక్కన కూర్చున్న రైతు పాపను చూసి, "నా పసుపుకు ధర వస్తదో రాదో గని, మీ పిల్లయితె బంగారమే" అన్నాడు. దిష్టి తగులుతుందని పాపను కొంగుతో కప్పాను.

తొమ్మిదికి దిగి, ఆటోలో దవాఖానకు పోయాం. వరుసలో గంటన్నర. నర్సు రక్తం తీసి గొట్టానికి నల్ల కాగితం చుట్టింది. వెలుతురు తగిలితే లెక్క తప్పుతుందట. తర్వాత తెర వెనుక పాలు పిండించింది. సీసా నా చేతికిచ్చి, దానికీ చుట్టే నల్ల కాగితం తేవడానికి లోపలికి పోయింది.

వరుసలోని ఆడవాళ్లందరి చూపూ ఆ సీసా మీదే. చంటిబిడ్డ తాగే పాలు నలుగురి కంట పడితే తల్లికి ఎండిపోతాయని మా ఇంట్లో నమ్మకం. కొంగు ముడి విప్పి, ఇంటి నుంచి కట్టుకొచ్చిన పసుపు చిటికెడు వేసి మూత పెట్టాను.

నర్సు తిరిగొచ్చి సీసా అందుకుంది. "ఇందుల ఏమేసినవ్ పెద్దమ్మా?"

"పసుపే బిడ్డా. దిష్టికి."

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఏది కలిసినా ఇక ఆ పాలు కొలవడానికి పనికిరావంది. మూడింటిదాకా ఉంటామని, మళ్లీ పాలు వస్తే ఇమ్మని చెప్పింది. ఆకుకూర, గుడ్డు తినిపించమని కూడా చెప్పింది. బాలింతకు పడవని ఆ రెండూ మాన్పించింది నేనే.

ఎదురు హోటల్లో ఇడ్లీ పెట్టిస్తే సుజాత ముట్టలేదు. రెండుసార్లు తెర వెనక్కి పోయింది. ఏడుపు వచ్చింది గాని పాలు రాలేదు. రెండున్నరకు కాస్త చేపు వచ్చింది. అప్పటికే పాప ఆకలికి గుక్కపట్టింది.

"ఉన్న కాసిన్ని సీసకియ్యాల్నా, పిల్లకా అత్తమ్మా?"

"పిల్లకే" అన్నాను.

మూడింటికి సీసాలు పెట్టుకునే ఐసు పెట్టె మూశారు. రక్తం లెక్క తర్వాత చెబుతారట. పాల లెక్క చెప్పేవాళ్లు లేరు. మీరెవరైనా ఇట్లాంటి పరీక్షకు పోతే కడుపునిండా తిని పోండి, కొంగున ఏదీ కట్టుకొని పోకండి.

ఐదుంబావు బస్సుకు సిరికొండ చేరేసరికి చీకటి పడింది. ఆర్మూర్ అంటే ఇప్పుడు నాకు మార్కెట్టు గుర్తురాదు, పచ్చబడిన ఆ సీసాయే గుర్తొస్తుంది. పాపను నేనెత్తుకుని ముందు దిగాను. సుజాత బస్సు తలుపు పట్టుకుని ఆగిపోయింది.

"ఎన్ని మెట్లున్నయ్ అత్తమ్మా?"

"రెండే బిడ్డా."

చెయ్యి పట్టి దించాను. పాప మేల్కొనే ఉంది. వీధి దీపం కింద దాని కళ్ల ముందు వేళ్లు ఆడించాను. చూసిందో లేదో నాకు తెలియలేదు.