ఆక్సిజన్ వాల్వుకు బొట్టు

రాకెట్ ఇంజన్‌కు ఎసరు పెట్టడానికి శత్రువులు అక్కర్లేదు. రెండు చుక్కల నువ్వుల నూనె, నాలాంటి భక్తుడొకడు చాలు. ఇంజన్ పేలలేదు లెండి, కంగారు పడకండి. మల్లేశన్న ముచ్చట మాత్రం నావల్ల తీరకుండా పోయింది. తలచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో క్వాలిటీ చూసేది నేనే. కొత్త రాకెట్ ఇంజన్ తయారు చేస్తున్న ఒక కంపెనీ మాకు వాల్వు పని ఇచ్చింది. దాంట్లోంచి ద్రవ ఆక్సిజన్ పోతుంది. దానికి నూనె తగిలితే భగ్గుమంటుంది. అందుకని జిడ్డన్నది లేకుండా కడిగి, కవర్లో పెట్టి సీలు వేయాలి. ఈ సంగతి రోజూ పొద్దున్నే అందరికీ ఉపన్యాసం ఇచ్చే మహానుభావుణ్ణి నేనే. పూరీలు తిన్న చేతులతో ఎవరైనా వాల్వులు కడిగే గదివైపు చూసినా అరిచేవాణ్ణి.

ఆ వాల్వును చేత్తో నూరి నునుపు చేసింది మల్లేశన్న, చిట్కుల్ నుంచి వచ్చే మా పెద్ద ఫిట్టరు. ఇరవై ఏళ్లుగా రాకెట్లకు విడిభాగాలు చేస్తున్నాడు కానీ, ఒక్క ఇంజన్ మండటం కళ్లారా చూడలేదు. ఈసారి వాల్వు పాసైతే, ఇంజన్ మండించే పరీక్షకు ఆయన్నీ తీసుకెళ్తామని కంపెనీవాళ్లు మాటిచ్చారు. ఆయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. చిట్కుల్‌లో ఆ చొక్కా సంగతి తెలియనివాళ్లు లేరు.

వాల్వు అప్పగించే రోజు పొద్దున నాకు భయం పట్టుకుంది. మా దగ్గర బొట్టు పెట్టకుండా కొత్త మిషన్ స్విచ్చే వేయరు. మల్లేశన్న ఇన్నేళ్ల ఆశ బొట్టు లేకుండా గడప దాటడమా? గ్లవుజులు తీసి, సీలు విప్పాను. కుంకుమ రాలిపోతుందేమోనని దేవుడి పటం ముందున్న దీపంలోని నూనె రెండు చుక్కలు కలిపాను. వాల్వు మూతి పక్కన గుండ్రంగా బొట్టు పెట్టి, మళ్లీ సీలు వేసి, దండం పెట్టుకున్నాను. అది నాకు నూనెలా కనిపించలేదండీ, దేవుడి సామానులా కనిపించింది.

మధ్యాహ్నం కంపెనీ ఇంజనీరమ్మ వచ్చి కవరు విప్పింది. బొట్టు మీదికి వంగి చూసింది. తర్వాత జిడ్డును బయటపెట్టే ఊదారంగు దీపం వేసింది. బొట్టు చుట్టూ నా వేలిముద్రలు పెళ్లి పందిరి లైట్లలా మెరిశాయి.

"ఎవరు పెట్టిన్రు ఇది?"

"నేనే మేడం. మంచి జరగాలని."

"నూనె గూడ మంచికేనా?"

మళ్లీ విప్పి, కడిగి, పరీక్షించాలంటే వారం కావాలి. ఇంజన్ పరీక్షేమో ఎల్లుండే. వేరేచోట చేయించిన వాల్వు ఒకటి ఉందని, దాన్నే బిగిస్తామని చెప్పి వెళ్లిపోయింది. మల్లేశన్న ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినవాణ్ణి నేనే.

పరీక్ష రోజు ఆయన ఆ కొత్త చొక్కా వేసుకుని వర్క్‌షాపుకే వచ్చాడు. అన్నాల వేళ, కంపెనీవాళ్లు పంపిన వీడియో నా ఫోన్‌లో చూశాం. ఇంజన్ బ్రహ్మాండంగా మండింది. ఆయన ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చూశాడు. తప్పయిందన్నా అన్నాను.

"బొట్టు పెట్టాలని గంతగనం ఉంటే నా నొసట పెట్టకపోతివి తమ్మీ. నేనన్న పోయి సూసొస్తుంటి గద" అని ఫోన్ తిరిగిచ్చాడు.

తిట్టినా బాగుండేది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, మా మిషన్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆక్సిజన్ పోయే దేనికీ ఈ జన్మలో బొట్టు పెట్టను. ఇప్పుడు మా దగ్గర ఏ పని బయటికి వెళ్లినా బొట్టు మల్లేశన్న నొసటికే. ఆయనా కాదనడు. కాకపోతే ముందు నా వేలు పట్టుకుని వాసన చూస్తాడు.

"నా ముక్కుల గూడ ఆక్సిజనే పోతది తమ్మీ" అంటాడు.